పిచ్చివాడి కొరాకీ

మొన్న మా నూతి చేంతాడు తెగిపోయింది. విజయనగరం బజారుకు వెళ్ళినప్పుడు తాళ్ళ దుకాణం దగ్గర ఆగాను. దుకాణంలో ముసలాయన తాడు కొలిచి చూశాడు. మా నూతి లోతుకు కాస్త చాలలేదు.

"ముక్క కలిపీమంటారేటమ్మా?" అన్నాడు.

నేను ఊఁ అనేలోపే ఆ కొసా ఈ కొసా ఎడమచేతి బొటనవేలి కింద నొక్కి, మెలిక తిప్పి, లాగి, మిగిలిన పీచు పళ్ళతో కొరికేశాడు. చేతుల వైపు చూడనైనా లేదు. ముడి ఎక్కడుందో వెతుక్కోవాలి. మగ్గం మీద తెగిన పోగులు కలిపే నేతవాళ్ళ ముడి అది.

నేను దుకాణం మెట్టు మీదే కూలబడ్డాను. ముసలాయన కంగారుపడి మంచినీళ్ళు తెచ్చి, "ఎండమ్మా, ఎండ" అన్నాడు. ఎండే అన్నాను. జూటు మిల్లులో పనిచేశావా నాయనా అని అడగబోయి మానేశాను. చేశానంటే ఇంకొకాయన సంగతి కూడా అడగాల్సి వస్తుంది.

ఆ ముడి అంత అనాయాసంగా వేసే చేతులు నేనెరిగినవి ఒక్కరివే. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన పిల్లలూ మనవలూ శ్రీకూర్మం వైపు ఎక్కడో ఉండే ఉంటారు. ఆయన పోయాడని కూడా ఎప్పుడో గాలివాటుగా విన్నాను. పేరు రాస్తే, ఆ పేరు పక్కన జనం తగిలించిన మాటా రాయాలి. ఆ మాట ఆయనకు ఎలా తగులుకుందో నాకు తెలుసు. ఎదురుగా ఉండి చూసినదాన్ని.

యుద్ధం రోజులవి. మా నాన్న పోయాక, ఆయన చిల్లర దుకాణం కూడా ఆయన వెనకాలే పోయాక, అమ్మ జూటు మిల్లు గేటు ఎదురుగా పాక వేసి కూలీలకు అంబలీ అన్నమూ పెట్టేది. కోమటింటి కోడలు గేటు ముందర గరిటె పట్టిందని చుట్టాలందరూ ముక్కు మీద వేలేసుకున్నారు. వేలేసుకున్నవాళ్ళెవరూ మాకు గిద్దెడు బియ్యం పంపలేదు గనక అమ్మ వాళ్ళ వైపు చూడలేదు. నాకు పెళ్ళి కుదిరి ఉంది. యుద్ధం సాకు చెప్పి మగపెళ్ళివారు ముహూర్తం వెనక్కి జరుపుతూ ఉన్నారు. ఆ ఖాళీలో నేను అడ్డాకు విస్తళ్ళు కుట్టి, వడ్డన చేసేదాన్ని.

నేను చెప్పే ఆయన మిల్లులో నేతపని చేసేవాడు. మా పాకలోకి ఆయనకన్నా ముందు ఆయన గొంతు వచ్చేది. మగ్గాల మోతలో ఏళ్ళ తరబడి బతికినవాళ్ళ చెవులు సగం పనిచెయ్యవు, అందుకని బయటికొస్తే మామూలు మాట కూడా కేకే. పులుసులో ఉప్పు తగ్గిందని అమ్మ చెవిలో రహస్యంగా చెప్పబోయేవాడు. పాకలో ఉన్నవాళ్ళందరూ ఉప్పు అడిగేవారు.

లోపల మాత్రం కేకలు పనికిరావు. ఆ మోతలో ఎవడి గొంతూ ఎవడికీ వినపడదు. నేతవాళ్ళు పెదాలు కదిపి, చేతులు ఊపి మాట్లాడుకుంటారు. ఆయన మగ్గానికి ఎదురు మగ్గం మీద ఆయన ఊరివాడే ఇంకొకాయన ఉండేవాడు. ఇద్దరూ ఒకే బడి ఎగ్గొట్టి, ఒకే బండి ఎక్కి మిల్లుకొచ్చినవాళ్ళు. ఎదురెదురుగా ఎన్ని ఏళ్ళు నేశారో గాని, మా పాకలో కూచున్నా వాళ్ళకు ఆ అలవాటు పోయేది కాదు. విస్తళ్ళ ముందు కూచుని, చప్పుడు లేకుండా పెదాలు ఆడిస్తూ ఒకరినొకరు ఎకసెక్కాలాడుకునేవారు. ఉన్నట్టుండి ఇద్దరూ పకపకా నవ్వేవారు.

"నన్నేనేటి అన్నారు?" అని అమ్మ గరిటె ఎత్తేది.

"నిన్నెందుకంటాం సెల్లెమ్మా! నీ పులుసుని అన్నాం" అని ఈయన కేకేసేవాడు.

జతగాడు భారీ మనిషి. ఎంత పెట్టినా అతని విస్తరి ముందుగా ఖాళీ అయ్యేది. ఈయన తన అన్నంలో సగం అటు తోసి, నా వైపు తిరిగి, "ఇంకొంచెం ఎయ్యమ్మా, ఆడికి ఆకలెక్కువ" అనేవాడు. రోజూ ఇదే మాట. నేను అన్నం గంపతో అటు నడుస్తుంటేనే పక్కవాళ్ళు ఆ మాట అందుకుని అనేసేవారు.

ఇక ముడులు. కొస అంటూ చేతికి దొరికితే చాలు, కలిపెయ్యడమే. తుండుగుడ్డ అంచు పోగులన్నీ ముడులే. మా తడిక కట్టిన కొబ్బరితాళ్ళకు ఆయన ఆనుకు కూచున్న మేరంతా ముడులు. "ఏటన్నా, నా పాకని నేసేస్తావేటి?" అని అమ్మ కసిరేది. ఆయన తన చేతుల వైపు చూసుకుని, వాటిని ఎవరో అక్కడ పెట్టి వెళ్ళినట్టు ఆశ్చర్యపోయేవాడు.

ఒక వానాకాలం పొద్దున జతగాడి పంచె చెంగు మగ్గాన్ని తిప్పే బెల్టులో చిక్కింది. అంతకన్నా రాయను. మధ్యాహ్నానికల్లా ఏటి ఒడ్డున దహనం అయిపోయింది. మర్నాడు మిల్లు కూత కూయగానే సర్దారు, అంటే మగ్గాల మీద పెత్తనం చేసేవాడు, ఆ మగ్గం మీద కొత్తమనిషిని నిలబెట్టాడు.

వాళ్ళ ఊరివైపు ఒక పద్ధతి ఉంది. సేద్యం చేసే మనిషి పోతే అతను పట్టిన నాగలిని గోడకు చేరవేసి, అతని తుండుగుడ్డ దాని మీద కప్పుతారు. పెద్దకర్మ అయ్యేదాకా కొడుకైనా దాన్ని ముట్టడు. పోయినవాడు అన్నాళ్ళూ పొలం చూసుకోవడానికి వస్తూ ఉంటాడనీ, తన నాగలి పరాయి చేతిలో చూస్తే మనసు కష్టపెట్టుకుంటాడనీ వాళ్ళ నమ్మకం. మిల్లులో సగంమంది ఆ పల్లెలవాళ్ళే. అందరికీ తెలిసిన పద్ధతే. కాని నాగలికి ఉన్న మర్యాద ఇనప మగ్గానికి కూడా ఉంటుందని ఎవరికీ తోచలేదు. తోచినా పైకి అనలేదు.

ఈయన తన మగ్గం వదిలి, అటువైపు వెళ్ళి, తిరుగుతున్న మగ్గాన్ని ఆపేశాడు. జతగాడి తుండుగుడ్డ దాని మీద కప్పాడు. సర్దారు తియ్యమన్నాడు. గోలకు మేనేజరు దొర వచ్చాడు.

"పెద్దకర్మ ఎల్లనీయండి బాబూ. నాగలికి నేని తొందర మగ్గానికేటి?" అన్నాడట. సర్దారుది కూడా ఆ పక్క ఊరే. తలొంచుకున్నాడే గాని ఆ మాటకు అర్థం దొరకు చెప్పలేదు.

ఆ పూటే గేటు బయటికి పంపేశారు. మిస్కాండక్టు అని కాగితం మీద రాశారట. గేటు గుమాస్తా దాన్ని తెలుగు చేసి "చెడునడత" అని వినిపించాడు. పని పోయినందుకు ఆయన అంత బాధపడలేదు. ఆ మాట మింగుడు పడలేదు. కల్లు ముట్టని మనిషి, పెళ్ళాన్ని ఒసే అనడానికి కూడా జంకే మనిషి. పాకలోకి వచ్చి ఒక్కొక్కరి ఎదుటా నిలబడి, "సెడునడతా? నాదా? కూర్మనాథసామి మీద ఒట్టేసి సెప్పండి" అని అడిగాడు. జనం అంబలి గిన్నెల్లోకి చూసుకున్నారు.

ఆ తర్వాత కొద్దిరోజులకే బొగ్గు రాలేదు. రైలు పెట్టెలన్నీ యుద్ధానికి పోతున్నాయన్నారు. మిల్లు ఆగిపోయింది. అన్నేళ్ళ మోత ఆగేసరికి మా పాకలో ఈగ వాలిన చప్పుడు కూడా వినిపించేది. కూత మాత్రం వేళకు కూసేది, మనుషుల్ని అలవాటు తప్పనివ్వకూడదని కాబోలు.

పని ఆగిన రోజుల్లో మిల్లువారు కూలీలకు తిండిబియ్యం ఇస్తారు. దాన్ని కొరాకీ అనేవారు, కలకత్తా వైపు మిల్లుల నుంచి వచ్చిన మాట. వారం వారం గేటు దగ్గర కొలిచి ఇచ్చేవారు. ఊళ్ళో బియ్యం కంటికి కనపడని కాలం. ఆ బియ్యమే పొయ్యి మీదికి, లేకపోతే లేదు. ఆయనా సంచి పట్టుకుని వరసలో నిలబడ్డాడు. మిల్లు ఆగి పని పోయినవాళ్ళకే గాని, తప్పు చేసి పోయినవాళ్ళకు కొరాకీ రాదని చెప్పి గేటు కాపలా దర్వాను వరసలోంచి తప్పించాడు. మడత విప్పని సంచి భుజాన వేసుకుని ఆయన మా పాక ముందు నుంచే వెళ్ళాడు. ఇంటి దగ్గర పెళ్ళాం, చంటిపిల్లతో కలిపి ముగ్గురు పిల్లలు.

కూలీలు ఊరుకోలేదు. తగువు పైకి వెళ్ళి, విశాఖపట్నం నుంచి లేబరాఫీసరు వచ్చాడు. మిల్లు ఆఫీసు వసారాలో విచారణ పెట్టారు. మజ్జిగ అందించమని అమ్మకు కబురొస్తే నేనూ కుండ ఎత్తుకుని వెళ్ళాను. లేకపోతే ఆ విచారణ చూసే యోగం నాకెక్కడిది! చూడకపోయినా బాగుండేది.

అంతకుముందు రోజంతా పాకలో ఆయనకు పాఠం చెప్పారు. "బెల్టు జారిపోనాది, మగ్గం ఆగిపోనాదని సెప్పీ మావా. ఒక్క ముక్క. నీ తప్పు నేదంటే నీ బియ్యం నీకొచ్చెస్తాది." ఆయన అలాగే అలాగే అని తలూపుతూ తాళ్ళకు ముడులు వేశాడు.

ఆఫీసరు చిన్నవాడే, మంచివాడే. "చూడవయ్యా, ఆ రోజు మగ్గం ఎలా ఆగింది?" అని అడిగాడు.



"నానే ఆపీసినాను బాబూ" అన్నాడు ఆయన, అలవాటైన కేకతో.

"బెల్టు గాని జారిందేమో?"

"బెల్టుకేటి బాబూ, బంగారంనాటి బెల్టు. నానే ఆపినాను. ఆడు అక్కడే ఉన్నాడు కదా. అప్పటికి పెద్దకర్మ అవనేదు. ఆడి మగ్గం మీద ఇంకొకడి సెయ్యి పడితే ఆడికెలాగుంటాదో మీరే సెప్పండి."

ఆఫీసరు కలం కింద పెట్టాడు. ఆయనకు కాదనడం ఇష్టం లేదని మొహమే చెబుతోంది. నెమ్మదిగా అన్నాడు. "తప్పు చేసి పని పోయినవాడికి కొరాకీ లేదు. అది రూలు. జబ్బు చేసి పని మానినవాడికి ఉంది. అదీ రూలే." అని, స్తంభం పక్కన చంటిదాన్ని చంకనెత్తుకుని నిలబడ్డ ఆయన భార్య వైపు తిరిగాడు. "ఏమ్మా, ఈయన ఇంట్లో ఎలా ఉంటున్నాడు? బుద్ధి స్థిరంగానే ఉందా?"

ఆవిడకు చదువు లేదు. కాని ఆ ప్రశ్నలో తలుపు ఎక్కడ తెరిచి ఉందో ఆవిడకు తెలిసిపోయింది. మొగుడి వైపు చూడలేదు. చంటిదాని తల మీద చెయ్యి వేసి, "పిచ్చి బాబూ" అంది. "ఆ మడిసి సచ్చిపోనకాడి నుంచి పిచ్చే."

ఆయన ఆవిడ వైపు చూశాడు. కోపం లేదు. మొదట ఏమీ అర్థం కానట్టు చూశాడు. తర్వాత చంటిదాన్ని చూశాడు. తర్వాత అన్నీ అర్థమైనట్టు కొంచెం తలూపి, ఎవరూ లేని గోడమూల వైపు తిరిగి, పెదాలు కదిపాడు. చప్పుడు లేదు. ఆగాడు. అటువైపు నుంచి జవాబు వచ్చినట్టు నవ్వి, "బాబుగారికి దణ్ణం ఎట్టరా" అన్నాడు గోడతో.

ఆఫీసరు తలవంచి రాసుకున్నాడు. మిల్లు డాక్టరు దాని కింద సంతకం పెట్టాడు. ఆ వారం ఆయన సంచిలో బియ్యం పడ్డాయి.

అక్కడి నుంచి ఆయనకు ఒక కొత్త ఉద్యోగం వచ్చింది, పిచ్చివాడిగా ఉండడం. మిల్లువారికి ఆ బియ్యం మీద కన్ను ఉండనే ఉంది. మనిషి బాగున్నాడని దర్వాను చెప్తే చాలు, ఆపేస్తారు. అందుకని కూత కూసేసరికి ఆయన గేటు ముందు హాజరు. ఎదురుగా ఎవరో నిలబడ్డట్టు పెదాలు ఆడించేవాడు, చేతులు ఊపేవాడు, ఆగేవాడు, నవ్వేవాడు. దర్వాను చూస్తున్నాడో లేదో ఓరకంట కనిపెట్టి మరీ చేసేవాడు.

తర్వాత చుట్టు తిరిగి మా పెరట్లోకి వచ్చి, గొడ్డలి అందుకుని, "ఎలాగున్నాది సెల్లెమ్మా నా ఏసం?" అని కేకేసేవాడు.

"మెల్లగా అను అన్నా, దర్వాను ఇంటాడు" అని అమ్మ నవ్వు ఆపుకునేది. మొదట్లో నవ్వేవాళ్ళమే. పగటివేషగాళ్ళకు ఏం తీసిపోవని నేనూ అన్నాను.

మా పెరట్లో ఆయనకు ఏ పిచ్చీ లేదు. కట్టెలు కొట్టి, చోడంబలి తాగి, ధరలు తిట్టి, నా పెళ్ళివారిని నాకన్నా ఎక్కువ తిట్టి వెళ్ళేవాడు. కొరాకీ బియ్యం మాత్రం మెతుకు ముట్టలేదు. ఎందుకని అమ్మ అడిగితే, "అది పిచ్చోడి కొరాకీ. పిచ్చోడే తినాల. నాకు పిచ్చి నేదు కదా" అన్నాడు. పెళ్ళాం పిల్లలే తిన్నారు. ఒకరోజు ఆవిడ మా పెరట్లోకే వచ్చి, ఆయన ఎదుట కూలబడి, "నానే కదా అనీసినాను, ఈ నోటితోటే కదా" అని నోరు కొట్టుకుంది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాడు. "మంచి పని సేసినావు. నువ్వనకపోతే గుంటలు ఏటి తిందురు?" అన్నాడు. ఆయన గొంతులో కేక లేకపోవడం నేను మొదటిసారి విన్నాను.

గేటు ముందు అంత సేపు ఏం మాట్లాడతావని ఒకసారి అడిగాను.

"ఏటేటో అంటాను. ఏసమే కదా గుంటా."

"ఆయనేమంటాడు?"

"ఆడేటంటాడు, సచ్చిపోనోడు!" అని నా అమాయకత్వానికి విరగబడి నవ్వాడు.

చలికాలం ముదిరింది. బొగ్గు రాలేదు. ఇంకోసారి అదే మాట ఊరికే అడిగాను. ఈసారి నవ్వలేదు. గొడ్డలి పక్కన పెట్టి ఆలోచించాడు. "ఇంటికెల్లిపోమంటన్నాడు. గాని కూత కూస్తే ఆడే ముందొచ్చి నిలబడతాడు" అన్నాడు.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ పొయ్యి వైపు చూసింది. ఆ రోజు నుంచి వేషం గురించి మాలో ఎవరూ నవ్వలేదు. ఇంకో సంగతి కూడా అప్పుడే గమనించాను. దర్వాను గేటు దగ్గర లేనప్పుడు కూడా ఆయన పెదాలు ఆగడం లేదు.

చివరికి బొగ్గు వచ్చింది. కూత కూస్తే ఈసారి మనుషులు లోపలికి పోయారు. మళ్ళీ ఆ మోత మొదలై మా పాక తడికలు వణికాయి. కొరాకీ ఆగిపోయింది. అందరితోపాటు ఆయనా గేటు దగ్గరికి వెళ్ళాడు, తలకు నూనె రాసుకుని, ఉతికిన పంచె కట్టుకుని. పిచ్చివాణ్ణి మగ్గాల మధ్యకు ఎలా రానిస్తామని గుమాస్తా అన్నాడు. ఆ మాటలో అన్యాయం కూడా లేదు చూడండి, అదే నా కడుపుమంట. పెళ్ళాం పరుగున వచ్చి, పిచ్చి లేదు బాబూ, బియ్యం కోసం అబద్ధం ఆడాను బాబూ అని గుమాస్తా కాళ్ళ మీద పడింది.

"అప్పుడాడింది అబద్ధమా, ఇప్పుడాడేది అబద్ధమా?" అన్నాడు గుమాస్తా.

తప్పు చేసిన మనిషిగా ఉండిపోయినట్టయితే, ఎవరో ఒకరు బతిమాలితే దొర ఎప్పటికైనా క్షమించి ఉండేవాడేమో. పిచ్చికి క్షమాపణ లేదు.

ఆ మధ్యాహ్నం ఆయన మా పెరట్లోకి వచ్చాడు. కేక వినపడలేదు, మనిషే కనపడ్డాడు. మమ్మల్ని ఎవరూ చూడడం లేదు. దర్వాను లేడు, కూలీలందరూ లోపల ఉన్నారు. ఇంక ఎవరి కోసమూ వేషం వెయ్యనక్కరలేదు. ఆ పూట అంబలి కాదు, అన్నమే పెడతానని అమ్మ విస్తరి పరిచింది. ఆయన కూచున్నాడు. పక్కన కాస్త చోటు వదిలి కూచున్నాడు.

"ఆడికీ ఒక ఇస్తరి ఎయ్యమ్మా" అన్నాడు నాతో.

అమ్మ ఆయన ఎదుట గొంతుక్కూచుంది. "అన్నా, ఇక్కడ మనమే కదా ఉన్నాం. మన దగ్గర ఎందుకు?" అని బతిమాలినట్టు అడిగింది.

ఆయన పక్క చోటు వైపు తిరిగి, పెదాలు కదిపి, ఆగి, మళ్ళీ అమ్మ వైపు తిరిగాడు. మేము ఆయనకు ఏదో మర్యాద తప్పినట్టు, నొచ్చుకున్నట్టు చూశాడు. "మెల్లగా అను సెల్లెమ్మా. ఇంటాడు" అన్నాడు.

అమ్మ లోపలికి వెళ్ళి ఇంకో విస్తరి తెచ్చి, ఆ ఖాళీ చోటు ముందు పరిచి, నీళ్ళు చిలకరించింది. నేను వడ్డించాను. మొదట ఆయనకు, తర్వాత అక్కడ. మిల్లు మోతకు నీళ్ళ చెంబు సన్నగా అదురుతోంది. ఆయన తన అన్నంలో సగం ఆ విస్తరిలోకి తోసి, నా వైపు తలెత్తాడు.

"ఇంకొంచెం ఎయ్యమ్మా. ఆడికి ఆకలెక్కువ."

వేశాను.